లెక్కల ఉద్యోగములు: మన బిడ్డలకు అవకాశములు, జీతములు

ప్రతి సంవత్సరము పన్నెండవ తరగతి ఫలితములు వెలువడగానే మన నేత కుటుంబములలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. పిల్లవాడు గాని, పిల్ల గాని కామర్సు చదివినది. లెక్కల ఉద్యోగము దొరకునా, దొరికినచో జీతమెంత వచ్చును అని. షోలాపురములో టవల్ మగ్గముల మధ్యనైనను, బరంపురములో పట్టు నేయు వీధులలోనైనను, సేలము, కంచి, బళ్ళారి, యానాములలోనైనను అడుగునది ఈ ప్రశ్నయే. దీనికి సమాధానము చెప్పువారు రెండు తెగలుగా నున్నారు. మూడు నెలల కోర్సు చేసినచో నలుబది వేల జీతమని గోడలకు కాగితములంటించువారు ఒక తెగ. కంప్యూటరు వచ్చిన తరువాత గుమాస్తాకు పని యెక్కడిదని నిరుత్సాహపరచువారు రెండవ తెగ. ఇరువురి మాటలోను నిజము సగమే. మిగిలిన సగమును కూడ సభ్యుల యెదుట ఉంచుటకే ఈ వ్యాసము.

నేత ఇంటికి లెక్క క్రొత్త కాదు

ఎన్ని పోగుల పడుగు, ఎంత పేక నూలు, అచ్చు అతికినవారికి ఎంత, కండెలు చుట్టినవారికి ఎంత, షావుకారు ఇచ్చిన నూలులో తరుగు పోగా గుడ్డ యెంత తూగవలెను, మజూరిలో బయానా పోగా చేతికి వచ్చునదెంత? ఈ లెక్క వేయని నేత ఇల్లు లేదు. పెద్ద షావుకార్ల కొట్లలో చిట్టా, ఆవర్జా వ్రాయు గుమాస్తాలుండెడివారు. చిన్న ఇండ్లలో ఆ లెక్కను నోటనే మోసినవారు చాలచోట్ల మన స్త్రీలు. కనుక ఈ విద్యకు కావలసిన బుద్ధి మనకు పుట్టుకతోనే ఉన్నది. లేనిది దానికి తగిన చదువు, సర్టిఫికెట్టు మాత్రమే.

నేడు కొట్టు కొట్టునా వాడుచున్న టాలీకి కూడ బట్టల మిల్లులతో సంబంధము కలదు. శ్యామసుందర్ గోయెంకా గారు దక్షిణ, తూర్పు భారతములలోని కర్మాగారములకు, బట్టల మిల్లులకు ముడి సరుకును, యంత్ర భాగములను సరఫరా చేయువారు. తమ లెక్కలకు సరిపడు సాఫ్ట్‌వేరు దొరకకపోగా, గణితము చదివిన తమ కుమారుడు భరత్ గోయెంకా గారిని వ్రాయుమనిరి. ఆ విధముగా 1986లో ఆ సంస్థ ఆరంభమైనది. దాని ముఖ్య కార్యాలయము బెంగుళూరులో నున్నది. భరత్ గోయెంకా గారికి 2020లో పద్మశ్రీ లభించినది.

పని యెందువలన పెరిగినది?

2017 జూలై 1వ తేదీన జీ.ఎస్.టి. అమలులోనికి వచ్చిన తరువాత లెక్క వ్రాయు పని చిన్న కొట్టు వరకు వచ్చినది. సరుకులు అమ్మువారికి కర్ణాటక, తమిళనాడు, ఒడిషా, మహారాష్ట్రములలో సాలుకు 40 లక్షల అమ్మకము దాటినచో నమోదు తప్పదు. యానాము పుదుచ్చేరిలో భాగము గనుక అచ్చట ఈ హద్దు 20 లక్షలే. పొరుగు రాష్ట్రమునకు సరుకు పంపువారికి సాధారణముగా ఈ హద్దులు కూడ వర్తించవు. నెలనెలా రిటర్ను వేయువారు అమ్మకముల వివరములు 11వ తేదీ లోపల, పన్ను రిటర్ను 20వ తేదీ లోపల దాఖలు చేయవలెను. 50,000 రూపాయల విలువ దాటిన సరుకు బండి కదలవలెనన్న సాధారణముగా ఈ-వే బిల్లు ఉండవలెను.

ఇందులో గుమాస్తా నైపుణ్యమునకు విలువ ఎంతయో ఒక ఉదాహరణతో చూతము. ఒక చిన్న మగ్గముల యజమాని నెలలో 1,00,000 రూపాయల నూలు కొని, 5 శాతము చొప్పున 5,000 పన్ను కలిపి చెల్లించెననుకొందము. నేసిన గుడ్డను 1,50,000కు అమ్మి, కొన్నవారి వద్ద 7,500 పన్ను వసూలు చేసెను. ఇతడు ప్రభుత్వమునకు కట్టవలసినది 7,500లో 5,000 పోగా మిగిలిన 2,500 మాత్రమే. కాని నూలు అమ్మిన వర్తకుడు ఆ బిల్లును తన రిటర్నులో చూపనిచో, ఇతని 2బి పట్టికలో ఆ 5,000 కనబడదు. అప్పుడు పూర్తి 7,500 చేతి నుండి కట్టవలసినదే. నెల తిరుగకముందే ఆ పట్టికను బిల్లులతో సరిచూచి, నూలు వర్తకునికి ఫోను చేసి బిల్లు ఎక్కించు గుమాస్తా యజమానికి ఆ నెల 5,000 మిగిల్చినట్లే. అట్టి గుమాస్తాకు రెండు వేలు ఎక్కువ జీతమిచ్చుటకు ఏ యజమానియు వెనుదీయడు.

మరొక విషయము బాకీలు. నేసి సరుకిచ్చిన తరువాత డబ్బు కొరకు నెలల తరబడి తిరుగుట మన వృత్తికి పాత బాధ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమల వద్ద సరుకు కొన్నవారు వ్రాతపూర్వక ఒప్పందమున్నచో అందులోని గడువుకు, ఎట్లైనను 45 దినములకు మించకుండ, ఒప్పందము లేనిచో 15 దినములలో చెల్లించవలెను. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా లెక్కకట్టి ఈయవలెను. ఇంతేగాక 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన పన్ను నిబంధన ప్రకారము, గడువు దాటించిన కొనుగోలుదారుకు ఆ మొత్తము నిజముగా చెల్లించిన సంవత్సరముననే ఖర్చుగా తగ్గించుకొను వీలు కలుగును. ఈ రక్షణ ఉద్యమ్ నమోదు గల ఉత్పత్తిదారులకు గలదు గాని కేవలము కొని అమ్మువారికి లేదు. ఇట్టి విషయములు తెలిసి, బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య వేసి, గడువు తేదీ వ్రాసి, మర్యాదగా జ్ఞాపకము చేయు లెక్కలవారు మన ప్రతి నేత కేంద్రమునకు కావలసియున్నారు.

ఏ పని తగ్గుచున్నది?

నిరుత్సాహపరచువారి మాటలో గల సగము నిజము ఇది. కాగితము చూచి కంప్యూటరులో అంకెలు ఎక్కించు పని మాత్రమే తెలిసినవారికి చోటు తగ్గుచున్నది. 2023 ఆగస్టు 1 నుండి సాలుకు 5 కోట్ల అమ్మకము దాటిన సంస్థలు ఇతర వ్యాపార సంస్థలకు ఇచ్చు బిల్లులను ఈ-ఇన్వాయిసు పద్ధతిలోనే చేయవలెను; ఆ వివరములు పన్ను రిటర్నులోనికి తామే చేరును. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరులో ఏ పద్దును ఎప్పుడు మార్చిరో తెలుపు జాడ తప్పక నిలువవలెను. కనుక వ్రాసి, తుడిచి సరిపెట్టు పాత అలవాటు ఇక చెల్లదు.

యంత్రము ఎక్కించిన అంకె సరియా కాదా అని చూచుట, బ్యాంకు లెక్కతో పోల్చుట, నిబంధన మారినప్పుడు తెలిసికొనుట మనిషి పనియే. 2025 సెప్టెంబరు 22 నుండి కృత్రిమ నూలుపై జీ.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు, కృత్రిమ పీచుపై 18 నుండి 5 శాతమునకు తగ్గినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానమున 2025 నాటి క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు నిర్ణయమైనది. చదువు ముగిసినదని పుస్తకము మూసినవారికి ఈ వృత్తి అచ్చిరాదు.

మొదటి మెట్టు జీతము

బి.కాం. ముగించి, టాలీ నేర్చి, అనుభవము లేక చేరువారికి షోలాపురము, బళ్ళారి, బరంపురము వంటి ఊళ్లలో నెలకు సుమారు 10,000 నుండి 15,000 వరకు వినవచ్చుచున్నది. బెంగుళూరు, చెన్నై, పూనాలలో అదే పనికి 18,000 నుండి 25,000 వరకు ఉండును. విదేశ కంపెనీల లెక్కలు చూచు బెంగుళూరు కార్యాలయములలో ఇంగ్లీషు చక్కగా మాట్లాడువారికి ఇంతకంటె కొంత ఎక్కువయే. కాని రాత్రి పని ఉండవచ్చును. గోడ కాగితములు చెప్పు నలుబది వేలు మూడు నెలల కోర్సుతో రావు. జీ.ఎస్.టి., టి.డి.ఎస్., జీతముల పట్టీ, బ్యాంకు సరిచూపు అన్నియు స్వయముగా చేయగలవారు మూడు నాలుగు సంవత్సరముల తరువాత ఆ దరికి చేరుదురు.

జీతపు అంకెను చూచి ఊరు విడుచుటకు ముందు మరొక లెక్క వేసికొనవలెను. బెంగుళూరులో 20,000 వచ్చు కుర్రవానికి పంచుకొను గదికి, భోజనమునకు 10,000, రాకపోకలకు 1,500 పోయినచో మిగులునది 8,500. ఇంటి యన్నము తిని 12,000 తెచ్చువాడు దానికి తీసిపోడు. అయినను పెద్ద ఊరిలో పని త్వరగా నేర్చుకొనవచ్చును, జీతము త్వరగా పెరుగును. కనుక రెండు సంవత్సరముల శిక్షణగా భావించి పోయినచో మేలు. మొదటి నెల నుండియే ఇంటికి డబ్బు పంపునని ఆశించి పంపినచో ఆశాభంగము కలుగును.

ఉద్యోగమున చేరునపుడు నియామక పత్రము అడుగుట తప్పు కాదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతులు ఉద్యోగులకు నియామక పత్రము ఈయవలెనని చెప్పుచున్నవి. భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. గలవా అనియు అడుగవలెను. "మనవాళ్లే కదా" అని మొగమోటముతో అడుగక, ఐదేండ్లు పనిచేసిన తరువాత అనుభవ పత్రము కూడ లేక నిలిచినవారు మనలో కలరు.

సి.ఏ. చదువు: ఆశ, అపాయము

చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ 1949 జూలై 1న చట్టము ద్వారా ఏర్పడినది. ఫౌండేషను, ఇంటర్మీడియెటు, ఫైనలు అని మూడు మెట్లు. 2023 జూలై నుండి వచ్చిన క్రొత్త పద్ధతిలో ఆడిటరు వద్ద శిక్షణ మూడు సంవత్సరముల నుండి రెండు సంవత్సరములకు తగ్గినది. పన్నెండవ తరగతి తరువాత ఒక్క పరీక్షయు తప్పనిచో సుమారు నాలుగు సంవత్సరములలో ముగియును. 55 శాతము మార్కులతో బి.కాం. ముగించినవారు ఫౌండేషను వ్రాయకయే ఇంటర్మీడియెటులో చేరవచ్చును. కాలేజీ ఇంజనీరింగు చదువులతో పోల్చినచో సంస్థకు కట్టు రుసుములు తక్కువయే, ఖర్చంతయు ట్యూషనులకే.

సంస్థ వారు జరుపు క్యాంపసు ఎంపికలలో ఇటీవల సగటు జీతము సాలుకు సుమారు 12 లక్షల రూపాయలని ప్రకటనలు వచ్చినవి. ఈ అంకె విని తలిదండ్రులు ఉప్పొంగుట సహజమే. అయితే మరియొక అంకెను కూడ ప్రక్కన పెట్టి చూడవలెను. 2024 జూన్ ఫౌండేషను పరీక్షకు 91,900 మంది కూర్చొనగా ఉత్తీర్ణులైనవారు 13,749 మంది. అనగా నూటికి 15 మంది. ఇది మొదటి మెట్టు మాత్రమే. శిక్షణ కాలములో వచ్చు స్టైపెండు కూడ కొద్ది వేలే. దానితో ఇల్లు గడవదు.

ఇందువలన సి.ఏ. చదువవద్దని మా యభిప్రాయము కాదు. నేత ఇంటి బిడ్డలు చదివి ఆడిటర్లైనవారు ఉన్నారు. మేము చెప్పునది, దానితోపాటు బి.కాం. పట్టాను కూడ దూరవిద్యలోనైనను తప్పక చదివించవలెనని. సి.ఏ. మధ్యలో ఆగినను చేతిలో పట్టా యుండును. ఆడిటరు వద్ద చేసిన శిక్షణకు బయట విలువ యుండును. పట్టా లేక ఇంటర్మీడియెటు వద్ద ఆగిన కుర్రవానికి ఇరువది నాలుగేండ్ల వయస్సున పన్నెండవ తరగతి సర్టిఫికెట్టు మాత్రమే మిగులును. మగ్గమును అమ్మి ట్యూషనుకు కట్టిన ఇంటిలో ఇది జరిగినచో, కొడుకు చదువు నిలువదు, తండ్రి పనియు నిలువదు.

సి.ఎం.ఏ. మరువరాదు

వ్యయ గణకుల చదువైన సి.ఎం.ఏ. గూర్చి మనవారికి తెలిసినది తక్కువ. 1959 నాటి చట్టము క్రింద ఏర్పడిన ఈ సంస్థ ముఖ్య కార్యాలయము కలకత్తాలో నున్నది. ఒక వస్తువు తయారగుటకు నూలు, అద్దకము, కరెంటు, కూలి, తరుగు కలిసి ఎంత పడినదో కట్టుట ఈ విద్య. 2014 నాటి నిబంధనల ప్రకారము వ్యయ రికార్డులు ఉంచవలసిన పరిశ్రమలలో వస్త్ర పరిశ్రమయు చేరినది. 35 కోట్ల అమ్మకము గల కంపెనీలకు ఇది వర్తించును. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఇచల్‌కరంజి, భివండి ప్రాంతముల మిల్లులలో పడుగు, పేక, పోగు సంఖ్య అను మాటల అర్థము తెలిసిన వ్యయ గణకునికి, పుస్తకములోనే వానిని చదివినవానికంటె మొదటినుండియు ఒక మెట్టు ఎక్కువ. పుట్టిన వృత్తి అక్కరకు వచ్చు చదువు ఇంతకంటె వేరొకటి లేదు.

ప్రభుత్వము, సహకార సంఘములు

ఏ పట్టా యున్నను స్టాఫ్ సెలెక్షను కమిషను వారి పట్టభద్రుల పరీక్ష వ్రాయవచ్చును. ఏడవ వేతన సంఘపు పట్టిక ప్రకారము ఆడిటరు, అకౌంటెంటు పదవులకు మూలవేతనము 29,200. ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టరుకు 44,900. అసిస్టెంటు ఆడిట్ ఆఫీసరుకు 47,600. దీనిపై కరవు భత్యము, ఇంటి అద్దె అదనము. పోటీ తీవ్రము, ఒకటి రెండు సంవత్సరములు క్రమముగా చదువవలెను. రిజర్వేషను వర్తించు కుటుంబములు, తాము నివసించు రాష్ట్రపు జాబితాలో తమ కులము ఏ పేరున నున్నదో ముందే చూచుకొని ధ్రువపత్రము సంపాదించుట మంచిది. పేరులో ఒక అక్షరము తేడా వలన చివరి దినమున పరుగులెత్తినవారు కలరు.

సహకార రంగము మన ఇంటి తలుపు వంటిది. మహారాష్ట్రములో సహకార శాఖ వారు సహకారము, లెక్కలలో ప్రభుత్వ డిప్లొమా పరీక్ష జరుపుచున్నారు. దానిని జి.డి.సి. అండ్ ఏ. అందురు. పట్టభద్రులు ఉద్యోగము చేయుచునే దీనిని వ్రాయవచ్చును. ఉత్తీర్ణులైనవారికి నియమముల మేరకు సహకార సంఘముల ఆడిటు చేయు అవకాశము కలదు. తమిళనాడులో 1935లో ఏర్పడిన కో-ఆప్టెక్సు, ఒడిషాలో 1956లో ఏర్పడిన బొయనిక వంటి సంస్థలును, వానిలో చేరిన ప్రాథమిక నేత సంఘములును లెక్కలు లేక నడువవు. సంఘపు లెక్క సరిగా లేక రావలసిన సహాయము ఆగిపోయినచో నష్టపడువారు మగ్గము మీది సభ్యులే. కనుక ఈ కొలువులో మన బిడ్డ యున్నచో వచ్చునది జీతము మాత్రమే కాదు.

స్వతంత్రముగా పనిచేయగోరు వాణిజ్య పట్టభద్రులు జీ.ఎస్.టి. ప్రాక్టీషనరుగా నమోదు చేసికొని, అందులకు నాసిన్ సంస్థ జరుపు పరీక్ష ఉత్తీర్ణులు కావచ్చును. ఇంటివద్దనే పది, పదునైదు కొట్ల రిటర్నులు చూచుకొనుటకు వీలుండుటచే, పెండ్లియైన తరువాత ఉద్యోగము మానవలసి వచ్చిన మన ఆడబిడ్డలకు ఇది ప్రత్యేకముగా అనుకూలము.

భాష మనకు బలము

ఇంట తెలుగు, బడిలో మరాఠీయో, తమిళమో, కన్నడమో, ఒడియాయో, బజారులో హిందీ. ఇది మన పిల్లలు చిన్ననాటనే నేర్చినది. సూరతు నూలు వర్తకునితో హిందీలోను, స్థానిక బ్యాంకు మేనేజరుతో ఆ రాష్ట్ర భాషలోను, హైదరాబాదు, విజయవాడ కొనుగోలుదారుతో తెలుగులోను మాట్లాడి బాకీ రాబట్టగల గుమాస్తా ఎక్కడను నిరుద్యోగిగా ఉండడు. రాష్ట్ర ప్రభుత్వపు కొలువులకు ఆ రాష్ట్ర భాష వ్రాయుట, చదువుట రావలెను గనుక బడిలో ఆ భాషను ఉపేక్షింపరాదు. అదే సమయమున ఇంటిలో తెలుగు అక్షరములు నేర్పుటయు మానరాదు. తాతగారు వ్రాసిన చిట్టాను చదువలేని మనుమడు ఎంత పెద్ద లెక్కలవాడైనను ఇంటికి కొంత వెలితియే.

పెద్దలకు నాలుగు మాటలు

ఒకటి: ఏ కోర్సుకైనను డబ్బు కట్టుటకు ముందు, అచ్చట చదివి ఉద్యోగమున నున్న ఇద్దరిని స్వయముగా కలిసి విచారింపుడు. ప్రకటనను నమ్మకుడు.

రెండు: చదువు కొరకు అప్పు చేయవలసి వచ్చినచో చేయుడు, జీవనాధారమైన మగ్గమును మాత్రము మొదటనే తెగనమ్మకుడు.

మూడు: చదువుచున్న పిల్లవానికి ఇంటి లెక్కను అప్పగింపుడు. నూలు బిల్లులు, మజూరి, కరెంటు బిల్లు, బ్యాంకు పుస్తకము ఒక సంవత్సరము వ్రాసినవానికి ఏ ఇంటర్వ్యూలోను మాట తడబడదు.

నాలుగు: కూతురికి లెక్కలు చెప్పించుటకు వెనుకాడకుడు. కండె చుట్టుచు మజూరి కూడిన చేతులవి.

ఇప్పటికే ఈ వృత్తిలో నున్న సభ్యులకు ఒక మనవి. ఆదివారము నాడు ఒక గంట, మీ వీధిలోని కామర్సు పిల్లలను కూర్చుండబెట్టి ఒక జీ.ఎస్.టి. రిటర్నును, ఒక బ్యాంకు సరిచూపును చేసి చూపుడు. దానికి రుసుము లేదు, భవనము అక్కరలేదు. మీరు మొదటి ఉద్యోగమున ఎవరును చెప్పక, తప్పులు చేసి, మాటలు పడి నేర్చుకొన్నది వారు ముందే నేర్చుకొన్నచో, పదివేల మెట్టు నుండి ఇరువది వేల మెట్టునకు వారు చేరుటకు పట్టు కాలములో ఒక సంవత్సరమైనను తగ్గును. ఒక నేత ఇంటికి ఒక సంవత్సరపు జీతము ఎంతయో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.